గ్వాంగ్జులో రెండు శ్మశానాలు

దక్షిణ కొరియాలోని గ్వాంగ్జు నగరం శివార్లలో మాంగ్వోల్-డాంగ్ అనే పాత శ్మశానం ఉంది. దాని దారిలో నేలలో పాతిన ఒక పగిలిన రాయి ఉంటుంది. లోపలికి వెళ్లేవాళ్లు దాన్ని తొక్కుకుంటూ వెళ్తారు. ఎన్నికల ముందు వచ్చే నాయకుడు తొక్కాడా, పక్కనుంచి తప్పుకుని పోయాడా అని విలేకరులు చూస్తూ ఉంటారు.

ఆ రాయి కథ చిన్నదే. 1982లో అప్పటి అధ్యక్షుడు చున్ డూ-హ్వాన్ గ్వాంగ్జు పక్కనే ఉన్న దమ్యాంగ్ ప్రాంతానికి వచ్చి, భార్యతో కలిసి ఒక పల్లెలో బస చేశాడు. అంతటి ఘనకార్యం మరుగున పడిపోకూడదని అక్కడ ఒక శిలాఫలకం పెట్టించారు. 1989 జనవరిలో ప్రజాస్వామ్య ఉద్యమకారులు దాన్ని పెకిలించి, పగలగొట్టి, తెచ్చి ఈ సమాధుల ముందు పాతారు. ఎవరి హయాంలో పిల్లలు చచ్చారో అతని పేరు మీద కాలు పెట్టి ఆ పిల్లల దగ్గరికి వెళ్లాలన్నమాట.

ఈ పాత శ్మశానానికి కాస్త దూరంలోనే 1997లో పూర్తయిన కొత్త శ్మశానం ఉంది. 1980 మేలో గ్వాంగ్జులో సైన్యం చేతిలో చనిపోయినవాళ్లను పాతదాన్నుంచి ఇక్కడికి మార్చారు. 40 మీటర్ల ఎత్తు స్తూపం, వరసలు తీరిన తెల్లటి సమాధులు, ఏటా మే 18న ప్రభుత్వ లాంఛనాలు అన్నీ ఇక్కడే. ఇది జాతీయ శ్మశానం. రెండుచోట్లా ఉన్నది ప్రజాస్వామ్యం కోసం ప్రాణం పోగొట్టుకున్నవాళ్లే, అందులో చాలామంది ఇరవైల్లో ఉన్నవాళ్లే. మరి ఒకరికి జాతీయ గౌరవం, ఇంకొకరికి నగరపాలక శ్మశానం ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వెళ్తే, చనిపోయిన కుర్రాళ్లను ఒక దేశం గౌరవించడం అంటే ఏమిటో, అందులో ఎన్ని మడతలున్నాయో తెలుస్తుంది.

ముందు జరిగిందేమిటో చూద్దాం. 1979 అక్టోబర్ 26న నియంత పార్క్ చుంగ్-హీని సొంత గూఢచారి సంస్థ అధిపతే కాల్చి చంపాడు. ఇక ఎన్నికలు వస్తాయని జనం ఆశపడ్డారు. డిసెంబర్ 12న చున్ డూ-హ్వాన్ అనే జనరల్ సైన్యాన్ని గుప్పిట్లోకి తెచ్చుకున్నాడు. 1980 మే 17 అర్ధరాత్రి మార్షల్ లా, అంటే సైనిక శాసనం, దేశమంతటికీ విస్తరించి, కాలేజీలు మూయించి, ప్రతిపక్ష నాయకుడు కిమ్ దే-జుంగ్‌ను జైల్లో వేశాడు. కిమ్‌ది గ్వాంగ్జు ఉన్న చొల్లా ప్రాంతమే.

మర్నాడు ఆదివారం. చొన్నమ్ విశ్వవిద్యాలయం గేటు దగ్గరికి విద్యార్థులు వచ్చారు. వాళ్ల చేతుల్లో తుపాకులు లేవు. పారాట్రూపర్లు లాఠీలతో దొరికినవాణ్ని దొరికినట్టు తల పగిలేలా కొట్టారు. విద్యార్థులని కూడా లేదు, దారినపోయేవాళ్లనూ వదల్లేదు. రికార్డుల్లోకెక్కిన మొదటి మృతుడు చెవిటి, మూగ యువకుడు. సైనికులు ఏమడిగారో అతనికి వినపడలేదు, అతను చెప్పబోయింది వాళ్లకు అర్థం కాలేదు. దెబ్బలకు మర్నాడు చనిపోయాడు. 20న టాక్సీ డ్రైవర్లు, బస్సు డ్రైవర్లు లైట్లు వేసుకుని వరసగా బళ్లు నడుపుకుంటూ నగరం నడిబొడ్డుకు వచ్చారు. 21 మధ్యాహ్నం ప్రాంతీయ ప్రభుత్వ కార్యాలయం ముందు, లౌడ్‌స్పీకర్లో జాతీయ గీతం మోగుతుండగా, సైన్యం గుంపు మీద కాల్పులు జరిపింది. ఆ రోజు బుద్ధ జయంతి.

వరస ముఖ్యం కాబట్టే ఇంత వివరంగా చెబుతున్నాను. కాల్పుల తర్వాతే జనం చుట్టుపక్కల పోలీసు స్టేషన్లలోని తుపాకులు తెచ్చుకున్నారు. సైన్యం ఊరి బయటికి తప్పుకుంది. 22 నుంచి 26 దాకా గ్వాంగ్జును గ్వాంగ్జు వాళ్లే నడుపుకున్నారు. ఆడవాళ్లు వీధుల్లో పొయ్యిలు పెట్టి అన్నం ముద్దలు చేసి పంచారు. రక్తం ఇవ్వడానికి ఆసుపత్రుల ముందు జనం వరస కట్టారు. హైస్కూల్లో చదివే ఒక అమ్మాయి అంతకుముందే రక్తం ఇచ్చి బయటికొచ్చి, కాసేపటికి తూటా తగిలి శవంగా అదే ఆసుపత్రికి చేరింది. 27 తెల్లవారుజామున సైన్యం ట్యాంకులతో తిరిగొచ్చింది. ప్రాంతీయ కార్యాలయంలో చివరిదాకా ఉన్నవాళ్లలో హైస్కూలు కుర్రాళ్లు కూడా ఉన్నారు. ఓడిపోతామని తెలిసే ఉండిపోయారు.

తర్వాత ఏలినవాళ్లు ఆడిన ఆట ఏమిటంటే, కథను 18న కాకుండా 21 సాయంత్రం నుంచి మొదలుపెట్టడం. అప్పుడు తుపాకులు పట్టుకున్న జనం కనిపిస్తారు గానీ, ఆ జనం చేతికి తుపాకులు ఎందుకొచ్చాయో కనిపించదు. దీనికి వాళ్లు పెట్టిన పేరు 'గ్వాంగ్జు ఘటన'. చచ్చినవాళ్లు 'అల్లరిమూకలు'. వెనక ఉత్తర కొరియా చెయ్యి ఉందన్న పుకారు సరేసరి. ఇవాళ్టికీ దాన్ని నమ్మేవాళ్లు అక్కడ ఉన్నారు. శాంతియుతమా, సాయుధమా అన్న చర్చను చనిపోయినవాళ్ల మీద రుద్దే ముందు గడియారం ఎక్కడ మొదలుపెట్టారో చూడాలి అని నేననేది ఇందుకే.

కాబట్టి గౌరవం కోసం పోరు మొదట మాట దగ్గరే జరిగింది. 'ఘటన' అన్న ప్రభుత్వం చేత 'ప్రజాస్వామ్య ఉద్యమం' అనిపించడానికి ఎనిమిదేళ్లు పట్టింది. 1987లో దేశమంతా రోడ్డెక్కి నేరుగా అధ్యక్షుణ్ని ఎన్నుకునే హక్కు సాధించాక, 1988లో ప్రభుత్వం ఆ పేరు ఒప్పుకుంది. చిత్రమేమిటంటే ఆ ఒప్పుకున్న అధ్యక్షుడు రో తే-వూ, చున్‌కు ప్రాణస్నేహితుడు, డిసెంబర్ 12 కుట్రలో భాగస్వామి.

ఆ ఎనిమిదేళ్లూ చనిపోయినవాళ్లను గౌరవించింది ఎవరు? ఇంటివాళ్లే. 1980 మే చివర్లో శవాలను చెత్త లారీల్లో తెచ్చి మాంగ్వోల్-డాంగ్‌లో పూడ్చారు. ఏడాది తిరిగేసరికి సంవత్సరీకానికి వచ్చిన తల్లులను పోలీసులు అడ్డుకున్నారు. సమాధులు ఒకేచోట ఉంటే జనం పోగవుతారని ప్రభుత్వానికి భయం. కొన్ని కుటుంబాలకు డబ్బు ఆశ చూపి, ఒత్తిడి పెట్టి, సమాధులు తవ్వించి వేరే ఊళ్లకు తరలించారు. శవాన్ని చూసి భయపడే ప్రభుత్వం కంటే బలహీనమైన ప్రభుత్వం ఉండదేమో.

ఆ చీకటి రోజుల్లో, 1982 ఫిబ్రవరిలో, ఆ సమాధుల దగ్గర ఒక పెళ్లి జరిగింది. వరుడు యూన్ సాంగ్-వన్. తిరుగుబాటు రోజుల్లో పౌరుల తరఫున విదేశీ విలేకరులతో మాట్లాడినవాడు, 27 తెల్లవారుజామున ప్రాంతీయ కార్యాలయంలో చనిపోయినవాడు. వధువు పార్క్ కి-సన్. ఫ్యాక్టరీ పిల్లలకు రాత్రిబడి పెట్టిన అమ్మాయి. 1978 చలికాలంలో గదిలో బొగ్గు పొగ కమ్మి చనిపోయింది. బతికుండగా ఇద్దరూ అదే రాత్రిబడిలో పనిచేసినవాళ్లు. పెళ్లికాకుండా పోయినవాళ్ల ఆత్మ శాంతించదని కొరియాలో పాతకాలం నుంచి ఉన్న నమ్మకం. రెండు కుటుంబాలూ కలిసి ఆత్మలకు పెళ్లి చేశాయి. వాళ్లిద్దరి కోసం కట్టిన పాటే 'ప్రియతముని కోసం కవాతు'. రహస్యంగా క్యాసెట్లలో దేశమంతా పాకింది. ఆ తర్వాత కొరియాలో ఏ ధర్నా జరిగినా ఆ పాట వినిపించాల్సిందే.

ఈ పాట దగ్గరికి మళ్లీ వస్తాను. ఈలోగా డబ్బు సంగతి.

గ్వాంగ్జు కుటుంబాలు, ఉద్యమ సంఘాలు కలిసి ఐదు కోరికలు పెట్టాయి. నిజం తేల్చాలి, బాధ్యుల్ని శిక్షించాలి, పరువు తిరిగి ఇవ్వాలి, నష్టపరిహారం ఇవ్వాలి, జ్ఞాపకంగా నిలపాలి. వరుసలో డబ్బు నాలుగోది. 1990లో రో ప్రభుత్వం మొదటి మూడూ దాటవేసి సరాసరి డబ్బు దగ్గరికొచ్చింది, పరిహార చట్టం తెచ్చింది. అప్పుడు గొడవంతా ఒక్క అక్షరం మీద నడిచింది. కొరియన్‌లో 'పోసాంగ్' అంటే, రోడ్డు కోసం పొలం తీసుకుంటే సర్కారు కట్టిచ్చే సొమ్ములాంటిది. ప్రభుత్వం తప్పేమీ చేయలేదు, నీకు నష్టమొచ్చింది, ఇదిగో తీసుకో అని. 'పేసాంగ్' అంటే మన ఊరి పంచాయతీల్లో 'తప్పు కట్టడం' అంటామే, అది. నేరం చేశాను కాబట్టి చెల్లిస్తున్నాను అని. చట్టంలో రాసింది మొదటి మాట. తీసుకుందామా వద్దా అని ఇళ్లలోనే గొడవలు. కొడుకు పోయి పదేళ్లయింది, సంపాదించేవాడు లేడు, గాయపడినవాళ్ల మందుల ఖర్చు ఆగదు. తీసుకున్నవాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ ఇచ్చినవాడి లెక్క మాత్రం స్పష్టం: డబ్బు తీసుకున్నారు కదా, ఇక నోరు మూసుకోండి అని.

వాళ్లు నోరు మూసుకోలేదు. 1995లో ప్రాసిక్యూటర్లు, గెలిచిన కుట్రను శిక్షించలేం అని చేతులెత్తేశారు. అంటే గద్దె చేజిక్కించుకోవడంలో ఓడిపోతే ద్రోహం, గెలిస్తే ప్రభుత్వం. దీంతో దేశం భగ్గుమంది. ఏడాది చివరికల్లా చున్, రో ఇద్దరూ జైలుకెళ్లారు, డిసెంబర్‌లో ప్రత్యేక చట్టం వచ్చింది. 1996లో చున్‌కు మరణశిక్ష పడింది, అప్పీల్లో అది యావజ్జీవమైంది, 1997 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. అదే ఏడాది డిసెంబర్‌లో క్షమాభిక్ష పెట్టి వదిలేశారు. ఆ క్షమాభిక్షకు సరే అన్నవాళ్లలో అప్పుడే అధ్యక్షుడిగా ఎన్నికైన కిమ్ దే-జుంగ్ ఉన్నాడు. 1980లో చున్ సర్కారు మరణశిక్ష వేయించింది ఈయనకే. దాన్ని పెద్దమనసు అన్నవాళ్లున్నారు. క్షమించే హక్కు తల్లులది కదా, నాయకులది ఎలా అయింది అన్నవాళ్లూ ఉన్నారు. నాకు రెండోమాటే సరైనదనిపిస్తుంది. ఎందుకంటే చున్ 2021 నవంబర్‌లో చనిపోయేదాకా క్షమాపణ చెప్పలేదు. పైగా 2017లో ఆత్మకథ రాసి, హెలికాప్టర్ నుంచి కాల్పులు జరిగాయని సాక్ష్యం చెప్పిన ఒక ఫాదర్‌ను అబద్ధాలకోరు అన్నాడు. ఆ మాటకు 2020లో కోర్టు శిక్ష వేసింది, అమలు వాయిదా వేస్తూ. ఊరి మధ్యలో ఉన్న చొనిల్ భవనం పై అంతస్తుల గోడల్లో ఆ తూటాల గుర్తులు దొరికాయి. లెక్కపెడితే 245 తేలాయి. ఇప్పుడు ఆ భవనం పేరే చొనిల్ భవనం 245.

2023 మార్చిలో చున్ మనవడు గ్వాంగ్జు వచ్చి తల్లుల ముందు మోకరిల్లి, తన కోటు విప్పి దానితో సమాధి రాళ్లు తుడిచాడు. తాత చెప్పని మాట మనవడు చెబితే చెల్లుతుందా అన్నది వేరే ప్రశ్న. ఆ తల్లులు అతన్ని దగ్గరికి తీసుకున్నారు.

ఇక పాట. 1997లో మే 18ని ప్రభుత్వం జాతీయ స్మారక దినంగా ప్రకటించింది, అధికారిక సభల్లో ఆ పాటను అందరూ లేచి నిలబడి పాడేవారు. 2009 నుంచి మితవాద ప్రభుత్వం దాన్ని జనం నోటి నుంచి తీసేసింది, చివరికి గాయక బృందానికి అప్పగించింది. వాళ్లు పాడతారు, మీరు వినండి అని. ఇది చిల్లర విషయంలా కనిపిస్తుంది. కానీ జాతీయ గీతం మోగినప్పుడు లేచి గొంతు కలపడానికీ, కుర్చీలో కూర్చుని వినడానికీ ఉన్న తేడా మనకు తెలియనిదా? కుటుంబాలు ప్రభుత్వ సభను బహిష్కరించి, పాత శ్మశానంలో సొంతంగా సభ పెట్టుకున్న సంవత్సరాలున్నాయి. 2013లో పార్లమెంటు దాన్ని అధికారిక స్మారక గీతం చేయమని తీర్మానించినా ఆ సభలు నడిపే ప్రభుత్వ శాఖ కదల్లేదు. 2017లో మూన్ జే-ఇన్ అధ్యక్షుడయ్యాక చేసిన మొదటి పనుల్లో ఒకటి, ఆ పాటను మళ్లీ అందరి నోటికీ ఇవ్వడం.

ఇప్పుడు మొదట వేసిన ప్రశ్న. 2002లో వచ్చిన చట్టం గ్వాంగ్జు మృతులను, గాయపడినవాళ్లను 'ప్రజాస్వామ్యానికి మేలు చేసినవారు' అని గుర్తించింది, శ్మశానం జాతీయ శ్మశానమైంది. అంతకుముందు నుంచే 1960 ఏప్రిల్ విద్యార్థి తిరుగుబాటులో చనిపోయినవాళ్లకూ ఇలాంటి హోదా ఉంది. ఆ తిరుగుబాటు మాసాన్ ఓడరేవులో తేలిన కిమ్ జు-యల్ అనే స్కూలు కుర్రాడి శవంతో రగులుకుంది. అతని కంట్లో టియర్ గ్యాస్ గుండు దిగి ఉంది. రెండు వారాల్లో అధ్యక్షుడు సింగ్‌మన్ రీ దిగిపోయాడు. ఆ ఏప్రిల్ 19 పేరు కొరియా రాజ్యాంగ పీఠికలోనే ఉంది. మే 18ని కూడా చేర్చాలని ప్రతి ఎన్నికల్లోనూ వాగ్దానం చేస్తారు. మూన్ 2018లో ప్రయత్నించాడు, సాగలేదు.

మరి పాత శ్మశానంలో ఉన్నవాళ్లు? వాళ్లలో లీ హన్-యాల్ ఉన్నాడు. గ్వాంగ్జులో పెరిగి, సియోల్‌లో యాన్సే విశ్వవిద్యాలయంలో చదువుకోవడానికి వెళ్లినవాడు. 1987 జూన్ 9న కాలేజీ గేటు ముందు టియర్ గ్యాస్ గుండు తలకు తగిలింది. నెత్తురోడుతున్న అతన్ని స్నేహితుడు వెనక నుంచి పొదివి పట్టుకున్న ఫోటో దేశాన్ని కదిలించింది. జూలై 5న చనిపోయాడు. అంత్యక్రియలకు సియోల్‌లో లక్షల మంది వచ్చారు. ఆ రోజు ఒక పాస్టర్ వేదికెక్కి ప్రసంగమేమీ చేయలేదు. అంతకుముందు చనిపోయిన విద్యార్థుల, కార్మికుల పేర్లు ఒక్కొక్కటీ గొంతు చించుకుని పిలిచి దిగిపోయాడు. కొరియా ఇవాళ ఓటు వేసి అధ్యక్షుణ్ని ఎన్నుకుంటోందంటే ఆ 1987 జూన్ వల్లే. సియోల్‌లో అతని పేరిట చిన్న మ్యూజియం ఉంది. అతని కాలి బూటు పాతబడి పొడిపొడిగా రాలిపోతుంటే 2015లో ముక్క ముక్క అతికించి నిలబెట్టారు. కానీ 2024 నాటికి కూడా చట్టం దృష్టిలో అతను 'మేలు చేసినవాడు' కాదు, ఉద్యమంతో 'సంబంధం ఉన్నవాడు' మాత్రమే. కారణం, చట్టాలు ఘటన ఘటనకు విడిగా రాసుకున్నవి. ఏప్రిల్‌కు ఒకటి, మేకు ఒకటి. జూన్‌కు అప్పటికి లేదు.

అతని తల్లి బే ఉన్-షిమ్ కొడుకు పోయాక మిగిలిన జీవితమంతా ధర్నాల్లోనే గడిపింది. చివరి రోజుల్లో కూడా పార్లమెంటు బయట నిలబడి, మా పిల్లలకు ఆ ఒక్క మాట ఇవ్వండి అని అడిగింది. 2020లో ప్రభుత్వం ఆమెకు పతకం ఇచ్చింది. 2022 జనవరిలో ఆమె చనిపోయింది. 2024 మే 28న పార్లమెంటు, ఆమె అడిగిన ఆ మాట ఇచ్చే చట్టాన్ని ఆమోదించింది. మర్నాడే అధ్యక్షుడు యూన్ సుక్-యోల్ వీటో చేశాడు. వద్దన్నవాళ్ల వాదన పూర్తిగా కొట్టిపారేసేది కాదు: ఎవరు అర్హులో తేల్చే కొలమానం చట్టంలో సరిగ్గా లేదు, పోలీసులు చనిపోయిన ఘటనల్లో పాల్గొన్నవాళ్లు కూడా జాబితాలోకి వచ్చేస్తారు అని. హోదాతో పాటు కుటుంబాలకు కొన్ని సౌకర్యాలు వస్తాయి కాబట్టి 'ఎవరు నిజమైనవారు' అన్న అనుమానం ఎప్పుడూ వెంటాడుతుంది. తెలంగాణలో అమరుల సంఖ్య మీద, ఎవరి కుటుంబానికి సాయం అందింది, ఎవరికి అందలేదు అన్నదాని మీద నడిచిన వాదనలు గుర్తున్నవాళ్లకు ఇది కొత్త కాదు. గన్‌పార్క్ స్తూపం దగ్గర జోహార్లు చెప్పడం తేలిక, జాబితా రాయడం కష్టం.

ఇంకో చిక్కు ఉంది. 2020 డిసెంబర్‌లో, గ్వాంగ్జు గురించి అబద్ధాలు ప్రచారం చేస్తే ఐదేళ్ల దాకా జైలు అని చట్టం చేశారు. ఉత్తర కొరియా సైనికులు చేయించారు అనే ప్రచారం విని విని విసిగిపోయిన తల్లుల బాధ అర్థమవుతుంది. అయినా మాట్లాడే హక్కు కోసం చచ్చిపోయినవాళ్ల గౌరవాన్ని, మాటకు శిక్ష వేసే చట్టంతో కాపాడటం నాకు మింగుడుపడదు. కొరియాలోనూ చాలామందికి మింగుడుపడలేదు.

ఇవన్నీ ప్రజాస్వామ్యం ఓడిపోని దేశంలో వచ్చే చిక్కులు. బీజింగ్‌లో 1989 జూన్‌లో ప్రజాస్వామ్య ఉద్యమం మీద సైన్యం జరిపిన కాల్పుల్లో చనిపోయిన పదిహేడేళ్ల కొడుకు కోసం ప్రొఫెసర్ డింగ్ జిలిన్, తనలాంటి తల్లులతో కలిసి ఇల్లిల్లూ తిరిగి రెండు వందలకు పైగా పేర్లు పోగుచేసింది. జూన్ వస్తే ఆ ముసలి తల్లుల ఇళ్ల ముందు పోలీసులు కాపలా. హాంగ్‌కాంగ్‌లో వాళ్ల జ్ఞాపకంగా ఏటా కొవ్వొత్తులు వెలిగించే సభను 2020లో నిషేధించారు, ఆ తర్వాత అది ఆగిపోయింది. మయన్మార్‌లో 2021 మార్చి 3న మాండలేలో కాల్పుల్లో చనిపోయిన పందొమ్మిదేళ్ల చల్ సిన్‌ను మర్నాడు వేలమంది పూడ్చిపెడితే, ఆ మరుసటి రోజు సైనిక ప్రభుత్వం సమాధి తవ్వించి శవాన్ని బయటికి తీసింది. అప్పుడు మయన్మార్ కోసం గ్వాంగ్జు వీధుల్లో సభలు జరిగాయి. గ్వాంగ్జు పేరిట ఏటా ఇచ్చే మానవ హక్కుల బహుమతి 2007లో అందుకున్నవాళ్లలో మణిపూర్‌కు చెందిన ఇరోమ్ షర్మిల ఉంది.

2024 డిసెంబర్ 3 రాత్రి అదే యూన్ సుక్-యోల్ మళ్లీ మార్షల్ లా ప్రకటించాడు. టీవీలో చూసిన జనం అర్ధరాత్రి చలిలో పార్లమెంటుకు పరుగెత్తి సైనికులకు అడ్డం నిలబడ్డారు. సభ్యుల్లో కొందరు గోడలు దూకి లోపలికెళ్లారు. హాజరైన 190 మందీ రద్దుకే ఓటేశారు. తెల్లారేసరికి అది ముగిసింది. అక్కడికొచ్చిన పెద్దవయసువాళ్లు చాలామంది చెప్పింది ఒకే ఊరి పేరు.

కొత్త శ్మశానంలో పేర్లు లేని సమాధులు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదాని కథ ఇది. 1980 మేలో ఒక తల్లి ఆసుపత్రిలో ఉన్న శవాన్ని తన కొడుకే అనుకుని తెచ్చి పూడ్చింది. కొన్నాళ్లకు ఆ కొడుకు ప్రాణాలతో ఇంటికొచ్చాడు. అంతే, ఆ సమాధికి ఉన్న పేరు పోయింది. లోపల ఉన్నదెవరో తెలియని వీరుడని రాశారు. 2021లో డీఎన్‌ఏ పరీక్షతో ఆ ఎముకలు ఎవరివో తేలింది. ముప్పై ఏళ్ల మనిషి, కాల్పుల్లో గాయపడి ఆసుపత్రిలో చనిపోయినవాడు. అతని ఇంటివాళ్లు అప్పటికి నలభై ఒక్క ఏళ్లుగా వెతుకుతున్నారు.